కాగితముకంటె కట్టు ముందు: స్ట్రక్చరల్ కంప్యూటింగు చరిత్ర

తమిళనాట స్థిరపడిన మా ఇంటిలో ఒక పాత టేకు పెట్టె ఉండెడిది. మా తాతగారు తమ కాగితములన్నిటిని దానిలోనే భద్రపరచుచుండిరి. తెలుగున వ్రాసిన జాబులు, తమిళమున వ్రాసిన క్రయపత్రములు, ఇంగ్లీషులోనున్న కోర్టు తీర్పుల నకళ్లు, శిస్తు రసీదులు, పెండ్లి శుభలేఖలు, అన్నియు అందులో కట్టలు కట్టలుగా ఉండెడివి. ఒక్కొక్క కట్టకు ఒక పురికొస ముడి. చూచువారికి వానిలో ఏ క్రమమును కనబడెడిది కాదు. ఒకే కట్టలో తెలుగు జాబు క్రింద తమిళ పత్రము, దాని క్రింద ఇంగ్లీషు నకలు ఉండెడివి.

తాతగారు గతించిన పిమ్మట, చదువుకొనుచున్న పిల్లలమైన మేము ఆ పెట్టెను చక్కబెట్టుటకు పూనుకొంటిమి. పురికొసలు విప్పితిమి. తెలుగు ఒక దొంతర, తమిళము ఒక దొంతర, ఇంగ్లీషు ఒక దొంతర చేసి, ఒక్కొక్క దొంతరను తేదీల వరుసను అమర్చితిమి. మూడు దినముల పని. ఇంటిల్లిపాదియు మెచ్చుకొనిరి. కొన్ని ఏండ్లకు ఉమ్మడి బావిలో మా వంతు నీటిని గూర్చి తగవు వచ్చినది. కాగితములన్నియు ఉన్నవి, ఒక్కటియు పోలేదు. కాని ఏ జాబు ఏ పత్రమునకు జవాబో, ఏ రసీదు ఏ తీర్పువలన పుట్టినదో చెప్పగలవారు లేకపోయిరి. పెద్దలు రాజీ చేసిరి. మా వంతులో సగము వదలుకొంటిమి. మా అవ్వకు అక్షరము రాదు. అయినను ముడిని చూచి, ఇది బావి కట్ట, ఇది చిన్నత్త పెండ్లి కట్ట అని ఆమె చెప్పగలిగెడిది. మా దొంతరలను చూచి ఆమె, "కట్లు విప్పినపుడే కత పోయె నాయనా!" అన్నది.

మేము పోగొట్టినది కాగితముల నడుమనున్న సంబంధమును. అది ఏ కాగితముమీదను వ్రాసి లేదు, పురికొసలో ఉన్నది. ఇట్టి పురికొసలనే ముఖ్య వస్తువుగా తీసికొని పరిశోధించిన శాఖ ఒకటి కంప్యూటరు శాస్త్రమున కలదు. దానికి స్ట్రక్చరల్ కంప్యూటింగు అని పేరు. నిర్మాణ ప్రధాన గణనము అని తెలుగున చెప్పుకొనవచ్చును. అది హైపర్‌మీడియా అను విద్యనుండి పుట్టినది. పెద్దగా ప్రచారమునకు రాని ఈ చరిత్ర, పలు భాషల నడుమ, పలు రాష్ట్రముల నడుమ కాపురములు చేయుచున్న మన కుటుంబములకు మిక్కిలి దగ్గరి విషయమని తోచి, దీనిని పాఠకుల ముందు ఉంచుచున్నాము.

ఊహ పుట్టిన కాలము

1945 జూలైలో అమెరికాలోని 'అట్లాంటిక్ మంత్లీ' పత్రికలో వానెవార్ బుష్ అను శాస్త్రజ్ఞుడు 'యాజ్ వుయ్ మే థింక్' అను వ్యాసమును ప్రకటించెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా ప్రభుత్వపు శాస్త్ర పరిశోధన కార్యాలయమునకు ఆయన అధిపతి. పరిశోధన ఫలితములు కొండలుగా పెరుగుచుండగా, వానిని వెదకు పద్ధతి మాత్రము పాత గ్రంథాలయపు అకారాది పట్టికగానే నిలిచియున్నదని ఆయన గుర్తించెను. ఆ పట్టికలో ఒక వస్తువు సాధారణముగా ఒక్కచోటనే ఉండును; వెదకువాడు శాఖనుండి ఉపశాఖకు దిగుచు పోవలెను. మానవ మనస్సు అట్లు నడువదు. ఒక తలపు మరియొక తలపును లాగికొని వచ్చును.

అందుచే బుష్ 'మెమెక్స్' అను ఒక యంత్రపు బల్లను ఊహించెను. గ్రంథములు, జాబులు, చిత్రములు మైక్రోఫిల్ముమీద ఆ బల్లలో ఉండును. చదువరి ఏవైన రెండు పుటలను ప్రక్కప్రక్కన తెచ్చి ముడివేయవచ్చును. అట్టి ముడుల వరుసకు ఆయన 'దారి' అని పేరిడెను. తురుష్కుల పొట్టి విల్లు ఇంగ్లీషువారి పొడుగు విల్లుకంటె యుద్ధమున ఏల మేలైనదని విచారించు ఒక చదువరిని ఆయన ఉదాహరణముగా చూపెను. ఆ చదువరి చరిత్రనుండి పదార్థశాస్త్రమునకు, అందుండి తన సొంత వ్రాతకు దారి వేసికొనును. ఏండ్ల తరువాత దానిని తిరిగి నడచును. నకలు తీసి మిత్రునికి ఇచ్చును. ఆ యంత్రము ఎన్నడును నిర్మింపబడలేదు. కాని గ్రంథమువలెనే దారియు భద్రపరుపదగినది, దానమీయదగినది, వారసత్వముగా రాదగినది అను భావము ఆ వ్యాసముతో స్థిరపడినది.

ఫిలిప్పైన్ దీవులలో నౌకాదళపు రాడారు ఉద్యోగిగానున్న డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అను యువకుడు ఆ వ్యాసమును చదివెను. అతడే 1968 డిసెంబరు 9వ తేదీన సాన్‌ఫ్రాన్సిస్కోలో, ఒక మహాసభ ఎదుట, తెరమీద లంకెలను చూపించి, చేతి మౌసుతో వానిని నడపి, దూరమునందున్న సహచరునితో కలసి ఒకే పత్రమును దిద్దెను. నడుమ 1960లో టెడ్ నెల్సన్ 'జనాడు' అను తన మహా ప్రణాళికను ప్రారంభించెను. 1965లో ఒక పరిశోధన పత్రమున 'హైపర్‌టెక్స్టు' అను పేరును లోకమునకు ఇచ్చెను. ఒక వరుసలో చదువక, లంకెల వెంట చదువు వ్రాత అని దాని తాత్పర్యము. దానికి చిత్రము, ధ్వని, చలనచిత్రము చేరినచో హైపర్‌మీడియా. 1967లో బ్రౌన్ విశ్వవిద్యాలయమున ఆండ్రీస్ వాన్ డామ్, నెల్సన్ కలసి అట్టి వ్యవస్థను కంప్యూటరుమీద నడపిరి.

లంకె ఎచ్చట ఉండవలెను?

1980 తరువాతి దశకమున ఈ విద్య పరిశోధనాలయములనుండి పనివారి బల్లలకు వచ్చినది. జెరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రమున ఫ్రాంక్ హాలాజ్, థామస్ మోరన్, రాండల్ ట్రిగ్ 'నోట్‌కార్డ్స్' అను వ్యవస్థను నిర్మించిరి. చీటీలు, చీటీల నడుమ లంకెలు, చీటీలను వేసికొను పెట్టెలు: ఇంతియే దాని సామగ్రి. 1987లో చాపెల్ హిల్ పట్టణమున జరిగిన మొదటి హైపర్‌టెక్స్టు మహాసభలో హాలాజ్ తన వ్యవస్థ లోపములను తానే విప్పి చెప్పి, రానున్న పరిశోధకులు తీర్పవలసిన ఏడు సమస్యలను లెక్కించెను. వానిలో రెండు మన కథకు ముఖ్యములు. కొన్ని చీటీలను కలిపి ఒక్క వస్తువుగా చూచుట ఎట్లు అనునది ఒకటి. ముందుగా కట్టియుంచని కట్టలు అవసరమునుబట్టి అప్పటికప్పుడు ఏర్పడుట ఎట్లు అనునది రెండవది. లంకె ఒక్కటి చాలదని, కట్ట అను భావము వేరుగా కావలెనని దీనివలన తేలినది.

1988లో న్యూహాంప్‌షైరులోని డెక్స్టర్ ఇన్ అను విడిదిలో వివిధ వ్యవస్థల నిర్మాతలు కూడి, తమ పనులన్నిటికి సామాన్యమైన ఒక నమూనాను వ్రాయుటకు మొదలిడిరి. దానికి డెక్స్టర్ నమూనా అని పేరు వచ్చినది. పత్రము లోపలి వ్రాత ఒక పొర, పత్రముల నడుమ సంబంధములు ఒక పొర, చదువరికి కనబడు తీరు ఒక పొర అని అది విడదీసినది. మూడింటిని కలగలుపరాదు అనుట ఆ నమూనా సారము.

అప్పుడు లంకె ఎచ్చట ఉండవలెనను ప్రశ్న ముందునకు వచ్చినది. పత్రములోనే లంకెను వ్రాసినచో పని సులభము. కాని పత్రము మనది కానిచో దానిలో వ్రాయుటకు మనకు హక్కు లేదు. ఒకే పత్రమును పదిమంది పది విధములుగా చదివినచో పదిమంది లంకెలును దానిమీద పడి మూలము మరుగుపడును. బ్రౌన్ విశ్వవిద్యాలయమున 1985లో మొదలైన 'ఇంటర్‌మీడియా' వ్యవస్థ లంకెలను పత్రములనుండి తీసి వేరొక కోశమున ఉంచినది. ఒకే పత్రసముదాయముమీద ఒక ఉపాధ్యాయుని వల ఒకటి, మరియొకరి వల మరియొకటి పరువవచ్చును.

ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయమున జరిగిన ప్రయత్నము భారతీయులమైన మనకు మరింత ఆసక్తికరము. మన దేశపు చివరి వైస్రాయి మౌంట్‌బాటెన్ పత్రములు ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు చేరినవి. జాబులు, ఛాయాచిత్రములు, ప్రసంగముల ధ్వనిముద్రణలు, చలనచిత్రములు అందులో ఉన్నవి. వీనినన్నిటిని పరస్పరము ముడివేయుట ఎట్లు అను విచారము వెండీ హాల్ ప్రభృతులను 'మైక్రోకాజమ్' అను వ్యవస్థ నిర్మాణమునకు పురికొల్పినది. దానిలో లంకెలకు వేరుగా లంకెకోశములు ఉండును. ఒక పేరునకు ఒకసారి లంకె వేసినచో, ఆ పేరు ఏ పత్రమున వచ్చినను ఆ లంకె పనిచేయును. 1947 నాటి ఒకే జాబును దేశవిభజన చరిత్రకారుడు ఒక కోశముతో చదువవచ్చును, కుటుంబ చరిత్రకారుడు వేరొక కోశముతో చదువవచ్చును. జాబుమీద ఒక్క గీతయు పడదు.

ఇంతలో జెనీవా సమీపమునందలి సెర్న్ సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ 1989 మార్చిలో వేరొక ప్రతిపాదన చేసెను. అదియే నేటి వెబ్. 1991 డిసెంబరులో సాన్ ఆంటోనియోలో జరిగిన హైపర్‌టెక్స్టు మహాసభకు ఆయన పంపిన పత్రమును పండితులు అంగీకరింపలేదు. యంత్రమును ప్రదర్శించుటకు మాత్రము చోటు దొరికినది. పండితుల దృష్టిలో దానిలో కొత్తదనము తక్కువ. లంకె పత్రములోనే ఉండును, ఒక్క దిశకే పోవును, అవతలి పుట తొలగినచో తెగిపోవును. అయినను ఆ సారళ్యమే దానికి బలమైనది. 1993 ఏప్రిలు 30వ తేదీన సెర్న్ సంస్థ దానిని ఎల్లరకు ఉచితముగా వదలినది. కొలది ఏండ్లలో అది లోకమును కప్పినది. దూరపు బంధువులను కలిపిన ఆ సాధనమును మేము నిందింపము. కాని లంకెను పత్రమునకు తోకగా చేయుటవలన కలిగిన నష్టమును, లంకె తెగిన పుటలను చూచినవారు ఎరుగుదురు.

1997 నాటి తిరుగుబాటు

1997లో హైపర్‌టెక్స్టు మహాసభ అదే సౌతాంప్టన్ నగరమున జరిగినది. అచ్చట టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయమునకు చెందిన పీటర్ న్యూర్న్‌బర్గ్, జాన్ లెగెట్, ఎరిక్ ష్నైడర్ 'యాజ్ వుయ్ షుడ్ హావ్ థాట్' అను పత్రమును చదివిరి. బుష్ వ్యాసపు పేరునే తిప్పి పెట్టిన ఆ పేరులోనే వారి వాదము కలదు: మనము మొదటినుండి వేరు విధముగా ఆలోచింపవలసి యుండెను అని.

వారి వాదమును ఇట్లు సంగ్రహింపవచ్చును. కంప్యూటరు శాస్త్రమంతయు దత్తాంశమును, అనగా ఫైలును, పట్టికను, పత్రమును ప్రధానముగా పెట్టుకొన్నది. సంబంధము దానికి తరువాత తగిలించు అలంకారము. అందుచే ప్రతి వ్యవస్థయు తనకు కావలసిన సంబంధములను మరల మొదటినుండి కట్టుకొనుచున్నది. ఒకరి కట్టు మరియొకరికి అక్కరకు రాదు. ఈ వరుసను తలక్రిందులు చేయవలెను. నిర్మాణమే ప్రధానము, దత్తాంశము దాని వెనుక. యంత్రపు అడుగు పొరలోనే, ఫైలునకున్న స్థానమువంటి స్థానము సంబంధమునకు ఉండవలెను. ఇదియే స్ట్రక్చరల్ కంప్యూటింగు.

సంబంధములు అన్నియు ఒక్క జాతివి కావనుట వారి రెండవ మాట. పుటనుండి పుటకు నడపు లంకె ఒక జాతి. వర్గీకరణము వేరొక జాతి. 1991 మహాసభలోనే వాన్ డైక్ పరునాక్, వర్గీకరణ చేయువారికి లంకెలకంటె సమితులు ఉపయోగకరములని చూపియుండెను. దీనికి మన ఇంటి ఉదాహరణము చెప్పెదము. 1684 నుండి 1712 వరకు తంజావూరును ఏలిన మరాఠా ప్రభువు శాహజి 'పల్లకి సేవా ప్రబంధము' అను తెలుగు కృతిని తిరువారూరు త్యాగేశుని సేవకై రచించెను. ఈ కృతిని ఏ అరలో ఉంచవలెను? భాషనుబట్టి తెలుగు అర, క్షేత్రమునుబట్టి తమిళనాటి అర, రాజవంశమునుబట్టి మరాఠా అర. చెట్టువంటి పట్టికలో ఒక్క అరయే దొరకును. మిగిలిన రెండు అరలలో వెదకువానికి ఆ కృతి లేనట్లే. సమితులలో అది మూడింటను ఏకకాలమున ఉండును. మన కుటుంబములను గూర్చియు ఇంతియే కదా!

తగవు నిర్మాణము మూడవ జాతి. హోర్స్ట్ రిట్టెల్, వెర్నర్ కున్జ్ 1970లో ప్రశ్న, దానిమీద నిలుచు పక్షము, ఆ పక్షమునకు అనుకూల ప్రతికూల యుక్తులు అను మూడు అంగములతో వాదమును చిత్రించు పద్ధతిని ప్రతిపాదించిరి. పూర్వపక్షము, సిద్ధాంతము అని మన శాస్త్రకారులు నడపిన వాదములు ఎరిగినవారికి ఇది పరాయిది కాదు. మా బావి కట్ట సరిగా ఈ జాతి నిర్మాణము. నాలుగవ జాతి స్థానమునుబట్టి ఏర్పడు సంబంధము. కాథరీన్ మార్షల్, ఫ్రాంక్ షిప్‌మన్ మొదలగువారు 1994లో ప్రకటించిన 'వికి' వ్యవస్థలో చదువరి చీటీలను తెరమీద దగ్గరగానో దూరముగానో పెట్టును, అంతే. పేరు పెట్టనక్కర లేదు. దగ్గరతనమే సంబంధమునకు గుర్తు. మా తాతగారి కట్టలలోని పొందికయు ఇట్టిదే.

ఒక్కొక్క జాతి నిర్మాణమునకు ఒక్కొక్క సేవకయంత్రము, వాని అడుగున అందరికి సామాన్యమైన నిర్మాణకోశము: ఇట్లు వారు తమ వ్యవస్థను కల్పించిరి. 1999లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఈ విషయముమీద మొదటి గోష్ఠి జరిగినది. 2000లో సాన్ ఆంటోనియోలో, 2001లో డెన్మార్కులోని ఆర్హుస్‌లో తరువాతివి జరిగినవి. డెన్మార్కులో 'కన్‌స్ట్రక్ట్', గ్రీసులోని పాత్రాస్‌లో 'కలిమాకస్' అను వ్యవస్థలు నిర్మింపబడినవి. ప్రాచీన అలెగ్జాండ్రియా గ్రంథములకు పట్టిక వ్రాసిన పండితుని పేరు కలిమాకస్.

నేటికి మిగిలిన పని

స్ట్రక్చరల్ కంప్యూటింగు అను పేరు నేడు అరుదుగా వినబడును. ఆ వ్యవస్థలలో ఏదియు లోకవ్యాప్తి పొందలేదు. కాని వాని మూలభావములవంటివి వేరు పేర్లతో వెబ్‌లోనికే వచ్చుచున్నవి. వెబ్ ప్రమాణములను నిర్ణయించు సంఘము 1999లో 'ఆర్‌డీఎఫ్' అను ప్రమాణమును ఆమోదించినది. ఒక వస్తువు, ఒక సంబంధము, వేరొక వస్తువు అను మూడు ముక్కల వాక్యములతో జ్ఞానమును వ్రాయుట దాని పద్ధతి. 2012లో ప్రారంభమైన వికీడేటా ఒక వస్తువును ఎన్ని వర్గములనైనను చేర్పనిచ్చును; ఒకే విషయముమీద భిన్నమైన మాటలను వాని ఆధారములతోసహా ప్రక్కప్రక్కన నిలుపును. 2017లో అదే ప్రమాణ సంఘము, వ్యాఖ్యను మూలపుటకు వెలుపల ఉంచు పద్ధతిని ఆమోదించినది. లంకెకోశములను గూర్చి సౌతాంప్టన్‌లో చెప్పిన మాట ఇంచుమించు పాతికేండ్లకు ఇట్లు ప్రమాణమైనది.

తీరవలసిన చిక్కులు ఇంకను ఉన్నవి. పరిశోధనకు అవకాశమును అక్కడనే ఉన్నది. మూలపత్రము మారినప్పుడు వెలుపలనున్న లంకె తన స్థానమును ఎట్లు కనుగొనవలెను? స్థానమునుబట్టి చేసిన పొందికను వర్గీకరణముగా, వర్గీకరణమును వాదముగా మార్చుట ఎట్లు? వ్యవస్థ నశించినప్పుడు అందలి నిర్మాణము బ్రతుకునా? ఇంటర్‌మీడియా కథ దీనికి హెచ్చరిక. ధనసహాయము ఆగి, అది నడచు యంత్రపు మూలవ్యవస్థ మారగా, 1991 నాటికి ఆ పని నిలిచిపోయినది. మరియొక చిక్కు మనుష్యులది. ప్రతి సంబంధమునకు ముందే పేరు, జాతి, నియమము చెప్పుమని యంత్రము అడిగినచో జనులు విసిగి మానుకొందురని షిప్‌మన్, మార్షల్ తమ పరిశీలనలతో చూపిరి. మొదట కేవలము దగ్గర పెట్టనిచ్చి, పిమ్మట నెమ్మదిగా పేరు పెట్టనిచ్చు వ్యవస్థలే నిలుచును. ఇటీవలి కృత్రిమ మేధ యంత్రములు రెండు పత్రములను చూచి వాని సంబంధమును ఊహింపగలవు. ఆ ఊహ మేలే. కాని ఊహ వేరు, ఎరిగినవారి సాక్ష్యము వేరు. ఏది ఎవరి మాటయో లంకెతోనే వ్రాసియుంచుట ఇప్పుడు మునుపటికంటె అవసరము.

మన పత్రములు, మన సంబంధములు

మా పిల్లతనపు తప్పు మాకు మాత్రమే పరిమితమైనది కాదు. 1821లో మరణించిన కర్నల్ కాలిన్ మెకంజీ, భారత సర్వేయర్ జనరల్ పదవిని మొట్టమొదట అధిష్ఠించినవాడు. ఆయన సేకరించిన కైఫియత్తులు, శాసన ప్రతులు, చిత్రములు దక్షిణదేశ చరిత్రకు గొప్ప నిధి. కావలి వేంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అను తెలుగు సోదరులు ఆ సేకరణకు ప్రాణము. మైసూరు నేలనుండి తమిళనాటివరకు ఆ పని సాగినది. మెకంజీ గతించిన పిమ్మట ఆ సముదాయము విడిపోయినది. కొంత లండనులో, కొంత మద్రాసులో నిలిచినది. 1828లో విల్సన్ పండితుడు కలకత్తాలో ప్రకటించిన పట్టిక సాహిత్యమును భాషల వారీగా, స్థానిక వృత్తాంతములను ప్రాంతముల వారీగా విభజించినది. అచ్చు పట్టికకు వేరు మార్గము లేదు. కాని అమరావతి స్తూపపు శిల్పములు కొన్ని చెన్నై మ్యూజియములో, కొన్ని లండనులో ఉండగా, మెకంజీ చిత్రకారులు వ్రాసిన వాని బొమ్మలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి. కొన్ని శిలలు పోయినవి, బొమ్మలే మిగిలినవి. శిలను, బొమ్మను, వృత్తాంతమును మరల ఒక కట్టగా చూపుటకు వానిని ఒక గదికి చేర్చనక్కర లేదు. వెలుపల నిలుచు లంకె చాలును.

మన కుటుంబములకు ఈ అవసరము రెట్టింపు. 1936లో ఒడిస్సా రాష్ట్రము ఏర్పడువరకు గంజాము మద్రాసు రాజధానిలోనిది. అచ్చటి తెలుగువారి పాత వ్యవహారములు మద్రాసు పాలనలో నడచినవి, పిమ్మటివి ఒడిస్సాలో నడచుచున్నవి. 1953లో బళ్లారి మైసూరులో కలసినది. 1954 వరకు ఫ్రెంచి పాలనలోనుండిన యానాములో ఫ్రెంచి దస్తావేజును, తెలుగు జాబును ఒకే ఇంటివి. మగ్గముల వెంట షోలాపురమునకు తరలిన పద్మశాలీల ఇండ్లలో మరాఠీ, తెలుగు కలసియుండును. ఇట్టి ఇంటిలో కాగితములను భాషనుబట్టి వేరుచేయుటయనగా ఆ ఇంటి చరిత్రను నరుకుట. నేటి యువకులు పత్రములను ఫోటోలు తీసి కంప్యూటరులో భద్రపరచుచున్నారు. అది మంచిపని. కాని తెలుగు సంచి, తమిళ సంచి, ఇంగ్లీషు సంచి అని మరల మా దొంతరలనే పేర్చుచున్నారు.

కావున పాఠకులకు మా విన్నపము ఇది. కట్టను విప్పకముందు దానిని ఉన్నది ఉన్నట్లుగా ఒక ఫోటో తీయుడు. ప్రతి కాగితమునకు ఒక సంఖ్య నిచ్చి, ఆ సంఖ్యను పటమునకే గాని మూలమునకు తగిలింపకుడు. వేరొక పుస్తకమున, ఈ సంఖ్య ఆ సంఖ్యకు జవాబు, ఈ సంఖ్య వలన ఆ సంఖ్య పుట్టినది అని వ్రాయుడు. ఆ మాట ఎవరు చెప్పిరో, ఏనాడు చెప్పిరో ప్రక్కన వ్రాయుడు. పినతండ్రి ఒక మాట, మేనత్త ఒక మాట చెప్పినచో రెండును నిలుపుడు; తీర్పు చెప్పు తొందర వలదు. ముందుగా చదువు రాని పెద్దలను అడుగుడు. కాగితము మరి కొంతకాలము ఆగును, వారు ఆగరు. ఒక నోటుపుస్తకము చాలును. రేపు ఏ యంత్రము వచ్చినను ఆ పుస్తకమును దానిలోనికి ఎక్కించుకొనవచ్చును. పోయిన మాటను ఏ యంత్రమును తేజాలదు.

మా పెట్టెను గూర్చి ఒక మాట చెప్పి విరమింతుము. చాలకాలము తరువాత మేము ఆ దొంతరలను మరల తీసి చూడగా, కొన్ని కాగితముల అంచులమీద పురికొస ఒరసిన గుర్తులు కనబడినవి. ఒకే కట్టలో నలిగిన కాగితములకు ఆ గుర్తు ఒకే ఎత్తున, ఒకే వాలున ఉన్నది. దానినిబట్టి జతలు కలుపుచు పోగా, ఒక తెలుగు జాబు, రెండు తమిళ పత్రములు, ఒక ఇంగ్లీషు తీర్పు, ఏడు రసీదులు ఒక చోటికి చేరినవి. అది బావి కట్ట. మా వంతు నీరు తిరిగి రాలేదు. అవ్వయు అప్పటికి లేదు. ఆ పదునొకండు కాగితములను మేము మరల పురికొసతో కట్టి, ఏది దేనికి జవాబో ఒక చీటీ వ్రాసి పైన పెట్టితిమి.